భర్త సంతకం లేనిదే చెల్లదు: స్పెయిన్ భార్యలకు చట్టం వేసిన ముడి, అది విడిపోయిన తీరు

1974లో మాడ్రిడ్‌లో ప్రాక్టీసు చేసే పెళ్లయిన లాయరమ్మ పొద్దున కోర్టులో కక్షిదారు తరఫున వాదించి గెలవవచ్చు. మధ్యాహ్నం తనకు రావలసిన బాకీ కోసం సొంతంగా దావా వేయాలంటే మాత్రం భర్త అనుమతి చూపించాలి. అది ఆనవాయితీ కాదు, అత్తింటివాళ్ల పట్టుదలా కాదు. సివిల్ కోడ్ 60వ అధికరణం.

స్పానిష్ మాట్లాడే దేశాల్లో మగపెత్తనం గురించి ఎవరు రాసినా ముందు మాచిస్మో అని మొదలుపెడతారు. పౌరుషం, పరువు, చర్చి, తల్లి మాట జవదాటని కొడుకులు అన్నీ అందులోకి వస్తాయి. అవన్నీ నిజమే కావచ్చు. కానీ ఒక స్త్రీ బ్యాంకు ఖాతా తెరవగలదా, పాస్‌పోర్టు తీసుకోగలదా, ఉద్యోగంలో చేరగలదా అన్నది భర్త స్వభావం మీద ఆధారపడలేదు. భర్త ఎంత మంచివాడైనా కౌంటరు వెనక గుమాస్తా అడిగేది కాగితమే. ఆ కాగితం పేరు లిసెన్సియా మరిటాల్, భర్త ఇచ్చే అనుమతి. అది ఎలా పనిచేసేదో తెలిస్తే, దాన్ని తీసేయడానికి అన్నేళ్లు ఎందుకు పట్టిందో, తీసేశాక కూడా స్త్రీలకు చేతికి రానిదేమిటో తెలుస్తుంది.

1889 కోడ్ ఏం చెప్పింది

ఈ కోడ్ 1889లో అమల్లోకి వచ్చింది. 57వ అధికరణం ప్రకారం భర్త భార్యను రక్షించాలి, భార్య భర్త మాటకు లోబడాలి. 58 ప్రకారం అతను ఎక్కడ కాపురం పెడితే ఆమె అక్కడికి వెళ్లాలి. 59 ప్రకారం దంపతుల ఉమ్మడి ఆస్తికి అతనే నిర్వాహకుడు. 60 ప్రకారం ఆమెకు ప్రతినిధి కూడా అతనే. 61 ప్రకారం అతని అనుమతి లేకుండా ఆమె కొనకూడదు, అమ్మకూడదు, కానుక పుచ్చుకోకూడదు, ఏ ఒప్పందానికీ కట్టుబడకూడదు. ఒప్పందానికి సమ్మతి ఇవ్వలేనివాళ్ల జాబితా 1263వ అధికరణంలో ఉంది. మైనర్లు, మతిస్థిమితం లేనివాళ్లు, రాయడం రాని చెవిటి మూగవాళ్లు, ఆ తర్వాత చట్టం చెప్పిన సందర్భాల్లో పెళ్లయిన స్త్రీలు.

మినహాయింపులు లేకపోలేదు. ఇంటి రోజువారీ వాడకానికి సరుకులు కొంటే ఆ కొనుగోలు చెల్లుతుంది. నగలు, ఖరీదైన సామాను కొంటే, వాటిని వాడుకోవడానికి భర్త ఒప్పుకున్నప్పుడే చెల్లుతుంది. వీలునామా రాయడానికి మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు. అంటే తను పోయాక ఆస్తి ఎవరికి చెందాలో చెప్పగలదు, బతికుండగా దాన్ని అమ్ముకోలేదు.

ఇవన్నీ పెళ్లితో వచ్చి పడినవే. పెళ్లికాని మేజరు స్త్రీకి, వితంతువుకు ఆస్తి వ్యవహారాల్లో మగవాడితో దాదాపు సమానమైన హోదా ఉండేది. అక్కడా ఒక మెలిక ఉంది. 1943 దాకా 23 ఏళ్లకు, ఆ తర్వాత 21 ఏళ్లకు మేజరు అయినా, 25 నిండేదాకా తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఇల్లు విడిచి పోకూడదని 321వ అధికరణం ఆడపిల్లలకు మాత్రమే పెట్టింది. పెళ్లి చేసుకోవడానికో, సన్యాసినుల మఠంలో చేరడానికో అయితే వెళ్లొచ్చు. ఈ అధికరణం 1972 జూలైలో పోయింది.

మనకు విడ్డూరంగా తోచే సంగతి ఇంకొకటి ఉంది. స్పెయిన్‌లో పెళ్లయ్యాక స్త్రీ ఇంటిపేరు మారదు. తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు రెండూ చివరిదాకా ఆమెతోనే ఉంటాయి. పేరంతా ఆమెదే, ఆ పేరుతో పెట్టిన సంతకానికే విలువ లేదు.

అసలు కీలు 65వ అధికరణం

భార్య అనుమతి లేకుండా సంతకం పెడితే ఏమవుతుంది? ఆమెకు జరిమానా పడదు, జైలు ఉండదు. ఆ ఒప్పందాన్ని కొట్టేయమని అడిగే హక్కు భర్తకు, అతని వారసులకు మాత్రమే ఉంటుందని 65వ అధికరణం చెబుతుంది. దీన్ని 1301వ అధికరణంతో కలిపి చదివితే పట్టు ఎక్కడుందో తెలుస్తుంది. కొట్టేయమని అడగడానికి గడువు నాలుగేళ్లు, కానీ ఆ లెక్క ఒప్పందం రోజు నుంచి మొదలుకాదు. పెళ్లి ముగిసిన రోజు నుంచి మొదలవుతుంది. నియంత ఫ్రాంకో కాలంలో విడాకులు లేవు కాబట్టి సాధారణంగా దాని అర్థం ఒకరి మరణం.

ఇప్పుడు కొనేవాడి వైపు నుంచి చూడండి. పెళ్లయిన స్త్రీ దగ్గర 1950లో పొలం కొన్నాడు, భర్త సంతకం తీసుకోలేదు. 1980లో ఆ భర్త పోయినా, ఆ తర్వాత నాలుగేళ్ల దాకా అతని వారసులు వచ్చి ఆ అమ్మకం చెల్లదనవచ్చు. దస్తావేజులు రాసే ఏ నోటరీ, ఏ బ్యాంకు మేనేజరు ఇలాంటి ముప్పు నెత్తిన పెట్టుకుంటాడు? అందుకే భర్తకు అభ్యంతరం లేకపోయినా, అసలు ఆ సంగతే అతనికి పట్టకపోయినా, నోటరీలు, గుమాస్తాలు, యజమానులు తమ జాగ్రత్త కోసం అనుమతి అడిగేవాళ్లు. మగపెత్తనాన్ని నడిపించడానికి కరడుగట్టిన మగవాళ్లు అక్కర్లేదు, నష్టానికి భయపడే మనుషులు చాలు. నా లెక్కలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే తెలివైన, అన్నిటికంటే దుర్మార్గమైన భాగం ఇదే.

ఫ్లాటు ఒకటి కొనాలంటే

1955లో ఒక టీచరమ్మ తన జీతం కూడబెట్టి చిన్న ఫ్లాటు కొనాలనుకుందనుకోండి. ఏ దస్తావేజులోనైనా పెళ్లయిందా లేదా అన్నది రాయాల్సిందే, కాబట్టి నోటరీ మొదట అదే అడుగుతాడు. అయిందంటే భర్త స్వయంగా వచ్చి పక్కన సంతకం పెట్టాలి, లేదా ముందే నోటరీ దగ్గర రాయించిన అనుమతి దస్తావేజు ఆమె చేతిలో ఉండాలి. భర్త అనుమతితో కొంటున్నట్టు ఆ కొనుగోలు దస్తావేజులో ఒక వాక్యం చేరుతుంది.

సరే, భర్త మంచివాడు, వచ్చాడు, సంతకం పెట్టాడు. ఫ్లాటు ఆమెదయిందా? కాలేదు. స్పెయిన్‌లో చాలా ప్రాంతాల్లో దంపతులు వేరే ఒప్పందం రాసుకోకపోతే వర్తించేది గనాన్సియాలెస్ పద్ధతి. పెళ్లయ్యాక ఇద్దరిలో ఎవరు సంపాదించినా అది ఉమ్మడి మూటలోకి పోతుంది. ఆమె జీతం ఉమ్మడి సొమ్ము, ఆ జీతంతో కొన్న ఫ్లాటు ఉమ్మడి ఆస్తి, ఉమ్మడి ఆస్తికి నిర్వాహకుడు భర్త. 1958కి ముందు అతను ఆ ఫ్లాటును ఆమె సంతకం లేకుండానే అమ్మేయవచ్చు. కొనడానికి అతని సంతకం కావాలి, అమ్మడానికి ఆమె సంతకం అక్కర్లేదు.

పుట్టింటి నుంచి వచ్చిన ఆస్తి సంగతి వేరు. దాన్ని పారాఫెర్నాలెస్ అంటారు, మన స్త్రీధనం లాంటిది. హక్కు ఆమెదే. కానీ అమ్మాలన్నా తాకట్టు పెట్టాలన్నా అనుమతి కావాలి, దాని మీద వచ్చే అద్దె మళ్లీ ఉమ్మడి మూటలోకే పోతుంది. కాతలోనియా ప్రాంతంలో ఎవరి ఆస్తి వాళ్లదే అన్న పద్ధతి ఉండేది కాబట్టి అక్కడి భార్యల పరిస్థితి కాస్త నయం.

భర్త ఊళ్లో లేనప్పుడు చిక్కు ముదిరేది. 1960లో జర్మనీతో కూలీల ఒప్పందం కుదిరాక లక్షలమంది స్పెయిన్ వదిలి వెళ్లారు. ఊళ్లో మిగిలిన భార్య పొలం కౌలుకివ్వాలన్నా, కేసు వేయాలన్నా, అతను అక్కడి కాన్సులేట్‌కు వెళ్లి పవర్ ఆఫ్ అటార్నీ రాయించి పంపాలి. అతను జాడ లేకుండా పోతే కోర్టు చేత గైర్హాజరీ ప్రకటన చేయించుకోవాలి. చివరి కబురు వచ్చి ఏడాది గడిస్తేగానీ, అతను వెళ్లేముందు ఎవరికైనా అధికారం ఇచ్చి ఉంటే మూడేళ్లు గడిస్తేగానీ ఆ దారి తెరుచుకోదు.

రిపబ్లిక్ ఇచ్చింది, ఫ్రాంకో తీసుకున్నాడు

1931 అక్టోబరు 1న, రాజరికం పోయి కొత్తగా వచ్చిన రిపబ్లిక్ కింద, స్పెయిన్ పార్లమెంటు స్త్రీలకు ఓటు హక్కు ఇచ్చింది. అనుకూలంగా 161, వ్యతిరేకంగా 121. పార్లమెంటు సభ్యురాలు క్లారా కంపోఅమోర్ వాదించి గెలిచారు. వ్యతిరేకించినవాళ్లలో మరో సభ్యురాలు విక్టోరియా కెంట్ కూడా ఉన్నారు, స్త్రీలు చర్చి చెప్పినట్టు ఓటేస్తారన్నది ఆమె భయం. పెళ్లిలో స్త్రీపురుషులకు సమాన హక్కులని ఆ ఏడాది రాజ్యాంగం ప్రకటించింది, 1932 మార్చిలో విడాకుల చట్టం వచ్చింది. కానీ కోడ్‌లోని ఆస్తి అధికరణాలను తిరగరాసే తీరిక రిపబ్లిక్‌కు దొరకలేదు. ఒక్క కాతలోనియా మాత్రం 1934లో తన చట్టం తాను చేసుకుంది.

అంతర్యుద్ధంలో ఫ్రాంకో గెలుపు పూర్తికాకముందే వెనకడుగు మొదలైంది. పెళ్లయిన స్త్రీని వర్క్‌షాపు నుంచి, ఫ్యాక్టరీ నుంచి విముక్తి చేస్తామని 1938 మార్చి కార్మిక శాసనం రాసుకుంది. విముక్తి అన్న మాటే వాడింది. 1939 సెప్టెంబరులో విడాకుల చట్టం రద్దయింది. 1944 నాటి ఉద్యోగ ఒప్పంద చట్టం ప్రకారం పెళ్లయిన స్త్రీ పనిలో చేరడానికి భర్త అనుమతి కావాలి. ఆమె జీతం ఆమె చేతికివ్వడం చెల్లుతుంది, భర్త అభ్యంతరం చెప్పనంతవరకు. చాలా సంస్థల నిబంధనల్లో పెళ్లయిన రోజే ఉద్యోగం నుంచి తప్పనిసరి సెలవు. చేతిలో కొంత మొత్తం పెట్టి పంపేవాళ్లు, దాన్ని దోతే, అంటే కట్నం అనేవాళ్లు. మళ్లీ చేరాలంటే భర్త చనిపోయి గానీ, పనిచేయలేని స్థితికి వచ్చి గానీ ఆమె ఇంటిపెద్ద కావాలి.

పెళ్లికాని వాళ్లకు సామాజిక సేవ పెట్టారు. 17 నుంచి 35 ఏళ్ల స్త్రీలు ఆరు నెలలు చేయాలి. ఆ సర్టిఫికెట్ లేకపోతే పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ప్రభుత్వ ఉద్యోగం ఏవీ రావు. దీన్ని నడిపింది సెక్సియోన్ ఫెమెనీనా, ఫ్రాంకో పాలక పక్షమైన ఫాలాంజ్ మహిళా విభాగం. స్త్రీ స్థానం ఇల్లే అని దేశమంతా తిరిగి బోధించిన దాని నాయకురాలు పిలార్ ప్రీమో దె రివేరా పెళ్లి చేసుకోలేదు, నాలుగు దశాబ్దాలు పదవిలో ఉన్నారు. పెళ్లి చేసుకోలేదు కాబట్టి సంతకాలన్నీ తనే పెట్టుకోగలిగారు.

శిక్షాస్మృతి గురించి రెండు ముక్కలు చాలు. వ్యభిచారం చేసిన భార్యకు ఆరు నెలల పైనుంచి ఆరేళ్ల దాకా జైలు. భర్త విషయంలో ఉంపుడుగత్తెను ఇంట్లోనే పెట్టుకుంటేనో, ఊరందరికీ తెలిసేలా బయట పెట్టుకుంటేనో మాత్రమే నేరం. పరాయి మగవాడితో భార్యను పట్టుకుని అక్కడికక్కడే చంపిన భర్తకు 1944 స్మృతిలోని 428వ అధికరణం కింద పడేది కొంతకాలం ఊరికి దూరంగా ఉండే శిక్ష. రిపబ్లిక్ కొట్టేసిన ఈ నిబంధనను తిరిగి తెచ్చారు. అది మళ్లీ పోయింది 1963లో. వ్యభిచారం నేరంగా ఉండటం 1978 మే దాకా సాగింది. అంతకు రెండేళ్ల ముందు ఒక భార్యపై పెట్టిన కేసుకు నిరసనగా బార్సెలోనాలో స్త్రీలు ‘నేనూ వ్యభిచారిణినే’ అని ప్లకార్డులు పట్టుకుని వీధుల్లోకి వచ్చారు.

ఇల్లు ఎవరిది

మొదటి పగులు తెచ్చింది పాలక పక్షానికి చెందిన మనిషే. మెర్సెదెస్ ఫోర్మికా లాయరు, రచయిత్రి, ఫాలాంజ్‌లో మొదటినుంచీ ఉన్న వ్యక్తి. మాడ్రిడ్‌లో ఒక ఇల్లాలిని భర్త 12 పోట్లు పొడిచాడు. ఆ స్త్రీ అంతకుముందే విడిపోవాలని ఒక లాయరును అడిగింది. వెళితే ఇల్లు, పిల్లలు, సామాను అన్నీ పోతాయని అతను చెప్పాడు. అందుకని ఆమె ఆ ఇంట్లోనే ఉండిపోయింది. దీని మీద ఫోర్మికా రాసిన వ్యాసం సెన్సారు దగ్గర నెలల తరబడి ఆగి, 1953 నవంబరు 7న ఏబీసీ పత్రికలో వచ్చింది.

ఆ లాయరు చెప్పింది అబద్ధం కాదు. చట్టం దృష్టిలో కాపురమున్న ఇల్లు భర్త ఇల్లు. విడిపోవాలని కేసు వేసిన భార్యను కోర్టు ‘డిపాజిట్’ చేసేది, అంటే బంధువుల ఇంట్లోనో మఠంలోనో ఉంచేది. వెంట తీసుకెళ్లడానికి ఇచ్చేది పడక, రోజూ కట్టుకునే బట్టలు. తప్పంతా భర్తదే అయినా ఇల్లు వదలాల్సింది ఆమే. విడిపోవడానికి అనుమతి ఇచ్చేది చర్చి న్యాయస్థానం, అక్కడ ఏళ్లు పట్టేది. అన్నాళ్లూ ఆమె ఎవరి గడపలోనో ఉండాలి.

ఫోర్మికా అడిగింది సమానత్వం అనే పెద్ద మాట కాదు. ఒకే ఒక మార్పు. ఆ ఇల్లు దంపతుల ఇల్లు కావాలి, ఎవరు ఉండాలో, ఎవరు పోవాలో జడ్జి తేల్చాలి. కోరిక చిన్నదిగా ఉండటం వల్లే కుటుంబం, మతం అనే గోడలు దాటింది. 1954లో ఆమె ఫ్రాంకోను కలిశారు. 1958 ఏప్రిల్ 24 చట్టం కోడ్‌లో 66 అధికరణాలు మార్చింది. డిపాజిట్ పోయింది, జడ్జి భార్యను ఇంట్లోనే ఉంచి భర్తను పంపే వీలు కలిగింది. విడిపోవడానికి కారణంగా చూపేటప్పుడు భర్త వ్యభిచారానికీ, భార్య వ్యభిచారానికీ తేడా పోయింది. మళ్లీ పెళ్లి చేసుకున్న వితంతువుకు పిల్లల మీద హక్కు నిలిచింది. ఉమ్మడి ఆస్తిలోని ఇల్లు, భూమి, దుకాణం అమ్మాలంటే భర్తకు భార్య సమ్మతి కావలసి వచ్చింది. పైన చెప్పిన టీచరమ్మ ఫ్లాటు ఆమెకు తెలియకుండా చేతులు మారడం అక్కడితో ఆగింది.

అయితే లిసెన్సియా కదల్లేదు. ప్రకృతి, మతం, చరిత్ర భర్తకు ఇచ్చిన నడిపించే అధికారం ఉందని అదే చట్టం పీఠికలో రాసుకుంది. 1961 జూలై చట్టం ఉద్యోగాల్లో సమానత్వం అంది, సైన్యాన్నీ, చాలావరకు జడ్జి పదవులనూ మినహాయించింది. జడ్జి పదవుల తలుపు 1966లో తెరిచారు. భర్త అనుమతి నిరాకరిస్తే అది దురుద్దేశమో కాదో జడ్జి చూడవచ్చని కూడా 1961 చట్టం అంది. కాగితం మీద మంచి సంగతే. కానీ ఉద్యోగం కోసం భర్తను కోర్టుకు లాగి, సాయంత్రం ఆ భర్త ఉన్న ఇంటికే వెళ్లాలి.

1975 మే, 1981 మే

లాయరు మరియా తేలో 1971లో మహిళా న్యాయవాదుల సంఘం స్థాపించారు. కోడ్ మార్పులు రాసే కమిషన్‌లో అంతా మగవాళ్లే ఉన్నంతకాలం పని జరగదన్నది ఆమె లెక్క. తీర్మానాలు పంపడం కంటే రాసే బల్ల దగ్గర కుర్చీ సంపాదించడం మేలని పట్టుబట్టారు. 1972లో నలుగురు స్త్రీలు కమిషన్‌లోకి వచ్చారు: తేలో, కార్మెన్ సలీనాస్, కన్సెప్సియోన్ సియెర్రా, బెలేన్ లందాబురు. మూడేళ్లలో చట్టం తయారైంది. 1975 మే 2న 14వ నెంబరు చట్టం వచ్చింది. అప్పటికి ఫ్రాంకో ఇంకా బతికే ఉన్నాడు, ఆ నవంబరు 20న పోయాడు. నియంత పోయాక ప్రజాస్వామ్యం ఇచ్చిన హక్కు ఇది అనుకునేవాళ్లు స్పెయిన్‌లోనే చాలామంది ఉన్నారు. తేదీలు చూస్తే అలా కాదు.

కొత్త 57వ అధికరణంలో లోబడటం పోయి పరస్పర గౌరవం, రక్షణ వచ్చాయి. పెళ్లి ఎవరి చట్టపరమైన సామర్థ్యాన్నీ తగ్గించదని 62 చెప్పింది. ఒకరు కోరి ఇస్తే తప్ప ఇంకొకరికి ప్రతినిధి కాలేరని 63 చెప్పింది. విదేశీయుణ్ణి పెళ్లాడినంత మాత్రాన స్పెయిన్ పౌరసత్వం పోవడం ఆగింది. ఆస్తి ఒప్పందం పెళ్లికి ముందే రాసుకోవాలన్న నియమం కూడా సడలింది, పెళ్లయ్యాక కూడా రాసుకోవచ్చు. లిసెన్సియా కథ అక్కడితో ముగిసింది.

చట్టం అమల్లోకి వచ్చిన మరుసటి వారం ఆ టీచరమ్మ మళ్లీ నోటరీ దగ్గరికి వెళ్లిందనుకోండి. ఇప్పుడు ఎవరి అనుమతీ లేకుండా కొనగలదు. కొన్నది ఇంకా ఉమ్మడి మూటలోకే పోతుంది, ఆ మూటకు నిర్వాహకుడు ఇంకా భర్తే. 1975 చట్టం ఆమె చేతికి కలం ఇచ్చింది, నిర్వాహకుడి విషయం ముట్టుకోలేదు. పిల్లల విషయమూ అంతే. పాత్రియా పొతెస్తాద్, అంటే పిల్లల మీద చట్టపరమైన అధికారం, తండ్రిది. తండ్రి లేనప్పుడే తల్లిది. బిడ్డ పాస్‌పోర్టుకు తల్లి ఒక్క సంతకం చాలదు.

ఈ రెండు సంగతులూ మారింది 1981 మే 13 చట్టంతో. ఉమ్మడి ఆస్తి నిర్వహణ ఇద్దరిదీ, పిల్లల మీద అధికారం ఇద్దరిదీ అయ్యాయి. అదే ఏడాది జూలై 7న విడాకులు తిరిగి వచ్చాయి, రద్దయిన 42 ఏళ్లకు. మధ్యలో 1978 రాజ్యాంగం పెళ్లిలో సమానత్వం ప్రకటించింది. ప్రకటన వచ్చాక కూడా కోడ్‌లో పాత వాక్యాలు రెండేళ్లకు పైగా అలాగే ఉన్నాయి.

సంతకం వచ్చాక మిగిలినవి

పెళ్లి రోజు ఉద్యోగం వదిలి దోతే తీసుకున్న స్త్రీలకు 65 ఏళ్లు వచ్చేసరికి లెక్క తిరగబడింది. స్పెయిన్‌లో సొంత చందా మీద పెన్షన్ రావాలంటే 1985 నుంచి కనీసం 15 ఏళ్ల చందా ఉండాలి. ఇరవైలో చేరి ఇరవైనాలుగులో పెళ్లి చేసుకుని మానేస్తే నాలుగేళ్లే లెక్కకు వస్తాయి. అలాంటివాళ్లలో చాలామంది భర్త చందా మీద వచ్చే వితంతు పెన్షన్ మీదే బతికారు, అది సాధారణంగా లెక్కకట్టే మొత్తంలో 52 శాతం. టెలిఫోన్ కంపెనీ పెళ్లి కారణంగా పక్కన పెట్టిన ఉద్యోగినులు కేసు వేస్తే, ఆ నిబంధన వివక్షేనని రాజ్యాంగ న్యాయస్థానం 1983లో చెప్పింది. చిన్న కొట్లలో, బట్టల మిల్లుల్లో మానేసినవాళ్లు అంతదూరం వెళ్లలేదు.

ఇల్లు ఎవరిదన్న ప్రశ్న కూడా తెగలేదు. గ్రానడా ప్రాంతపు ఆనా ఒరాంతెస్ భర్త కొట్టడం భరించలేక విడాకులు తీసుకున్నారు. కానీ కోర్టు ఇంటిని ఇద్దరికీ పంచింది, ఒకే కట్టడంలో వేరువేరు అంతస్తులు. 1997 డిసెంబరులో ఆమె టీవీలో తన కథ చెప్పారు. రెండు వారాలు తిరగకముందే మాజీ భర్త ఆమెను సజీవంగా తగలబెట్టాడు. దేశాన్ని కుదిపేసినట్టయింది. 2004 డిసెంబరు 28 నాటి హింస నిరోధక చట్టం వెనక ఆ కేసు ఉంది. కొట్టేవాణ్ణి వెంటనే ఇంట్లోంచి పంపే రక్షణ ఉత్తర్వులు, ఈ కేసులకే ప్రత్యేక కోర్టులు ఆ కాలంలో వచ్చాయి. 1953లో ఫోర్మికా అడిగింది కూడా ఇంచుమించు అదే.

అట్లాంటిక్ అవతల

స్పానిష్ మాట్లాడే అమెరికా దేశాలు స్వాతంత్ర్యం వచ్చాక సొంత కోడ్‌లు రాసుకున్నాయి కాబట్టి తేదీలు వేరు, పనిముట్లు మాత్రం దాదాపు అవే. మెక్సికోలో 1928 కోడ్ ప్రకారం ఇంటిపనికి అడ్డం రానంతవరకే భార్య ఉద్యోగం చేయవచ్చు, అడ్డమని భర్త అభ్యంతరం చెప్పవచ్చు. అది 1974 చివర్లో మారింది. అర్జెంటీనా భార్యలకు పూర్తి సామర్థ్యం 1968లో వచ్చింది.

గ్వాతెమాలా కేసు చదవదగ్గది. అక్కడి కోడ్‌లో దంపతులకు ప్రతినిధి భర్త, ఆస్తి నిర్వహణ భర్తది, ఇల్లు సాకినంతవరకే భార్యకు బయట పని. ఈ అధికరణాల్లో తప్పు లేదని రాజ్యాంగ న్యాయస్థానం 1993లో సమర్థించింది. న్యాయవాది మరియా యుహేనియా మొరాలెస్ దె సియెర్రా పేరున వ్యవహారం అమెరికా దేశాల మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లింది. ఆమెకు నిజంగా ఏం నష్టం జరిగిందన్నది ప్రభుత్వం వేసిన ప్రశ్న. భర్త ఆ అధికారం వాడనక్కర్లేదు, అది పుస్తకంలో ఉంటేనే ఆమె రోజువారీ జీవితం దాని కింద నడుస్తుందని కమిషన్ 2001లో తేల్చింది. కేసు నడుస్తుండగానే, 1998లో, గ్వాతెమాలా వాటిలో చాలావరకు మార్చింది.

అన్నిటికంటే మొండిది చిలే. 1989 చట్టంతో అక్కడ భార్యకు పూర్తి సామర్థ్యం వచ్చింది. కానీ ఏమీ ఎంచుకోకపోతే వర్తించే సొసియెదాద్ కొన్యుగాల్ పద్ధతిలో నిర్వాహకుడు భర్తే. ఉమ్మడి సొమ్ముకే కాదు, ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇంటికి కూడా. ఆ ఇంటిని అతను ఆమె సమ్మతి లేకుండా అమ్మలేడు, ఆమె కూడా తనంతట తాను అమ్మలేదు. అతను కుదరదంటే జడ్జి దగ్గరికి పోవాలి. దీని మీద మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు వెళితే, మారుస్తామని చిలే 2007లో రాజీ ఒప్పందం చేసుకుంది. ఆ తర్వాత బిల్లులు పార్లమెంటులో ఏళ్ల తరబడి నానాయి.

అందుకని చిలే స్త్రీలు 150వ అధికరణం వాడుకుంటారు. భర్తతో సంబంధం లేని సొంత ఉద్యోగమో వ్యాపారమో ఉన్న భార్య దాని సంపాదనను తనే నిర్వహించుకోవచ్చు. దాన్ని ప్రత్యేక ఆస్తి అంటారు. ఇక్కడ కాగితం కొనే రోజే సరిగా ఉండాలి. తను ఆ అధికరణం కింద కొంటున్నానని దస్తావేజులో ఆమె చెప్పాలి, ఉద్యోగ ఒప్పందమో, జీతం చీటీనో, పన్ను శాఖలో వ్యాపారం నమోదు చేసిన పత్రమో రుజువుగా అందులో ఉదహరించాలి. అది లేకపోతే తర్వాత ఆ ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాడు, బ్యాంకు మళ్లీ భర్త సంతకం అడుగుతారు. పెళ్లి ముగిసినప్పుడు ఆమెకు ఎంచుకునే హక్కు ఉంది. ఉమ్మడి ఆస్తిలో వాటా వదులుకుంటే ప్రత్యేక ఆస్తి మొత్తం ఆమెకే మిగులుతుంది. వాటా కావాలంటే ప్రత్యేక ఆస్తిని కూడా పంపకంలో కలపాలి.

ఇంతకంటే తేలిక దారి పెళ్లి నమోదు రోజున అధికారి ముందు ఎవరి ఆస్తి వాళ్లదే అని చెప్పడం. అప్పుడు చెప్పకపోతే తర్వాత నోటరీ దస్తావేజుతో మార్చుకోవచ్చు, దానికి ఇద్దరూ ఒప్పుకోవాలి. చాలామంది బోల్తాపడేది దస్తావేజు దగ్గర కాదు, ఆ తర్వాత. అది రాసిన 30 రోజుల్లోపు రిజిస్ట్రీలో పెళ్లి నమోదు పక్కన ఎక్కించాలి. 31వ రోజు వెళితే ఆ దస్తావేజు చెల్లదు, నోటరీ దగ్గర కొత్తది రాయించాలి, భర్త మళ్లీ వచ్చి సంతకం పెట్టాలి.